గడ్డి పడుకుంది, లేపకండి

ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళు పెట్టించే ఉద్యోగం లోకంలో ఇంకెవరికైనా ఉందో లేదో తెలియదు, నాకు మాత్రం ఉంది. రాజోలుకు కాస్త దూరంలో, గోదారి గట్టును ఆనుకుని ఉన్న ఒక రిసార్టుకు నేను మేనేజరుని. దాని ముందు ఎకరం మేర పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉంటుంది. ఫొటోల్లో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మే నెలలో పొద్దున్న పది దాటిందంటే పెనంలా కాలుతుంది. మంగళస్నానాలకని చెప్పులు విడిచి నిలబడ్డ ముత్తయిదువలు కాలు మార్చి కాలు వేస్తూ గెంతుతుంటారు. అందుకని ఫంక్షనుకు గంట ముందు పైపు పెట్టి దాన్ని తడిపి చల్లార్చాలి. వేసవిలో శుక్రవారం, శనివారం, ఆదివారం మూడూ బుక్కయి ఉంటాయి కనుక ఈ వైభవం వారానికి మూడుసార్లు.

పోయిన శుక్రవారం ఆ తడిపే పని దగ్గర నిలబడి ఉండగా, మా వంటగదిలో పనిచేసే ఆవిడ పరుగున వచ్చింది.

"మేడంగారండీ, మన గడ్డి బాబాయిగారు పొద్దున్నే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరంటండి. రేపు పదకొండింటికి సమాధి చేస్తారంటండి."

మొదట నాకు వచ్చింది ఏడుపు కాదు, విసుగు. రేపు శనివారం. పెద్ద ముహూర్తం. ఇక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆ మనిషి నా శనివారాలు పాడుచేశారు. పోతూ పోతూ కూడా శనివారమే చూసుకున్నారు. అలా అనుకున్నందుకు మరుక్షణం సిగ్గుపడ్డాను కానీ, అనుకున్న మాట మాత్రం నిజం.

ఈ ప్లాస్టిక్ రాకముందు అక్కడ నిజం గడ్డి ఉండేది. కడియం నుంచి తెప్పించి వేసిన గడ్డి. ఆయన దానికి మాలీ. పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. స్టాఫంతా గడ్డి బాబాయిగారు అనేవారు. నేను వట్టి బాబాయిగారూ అనేదాన్ని, కోపం వచ్చినప్పుడు కూడా. అంటే దాదాపు రోజూ.

సన్నగా, పొట్టిగా, మోకాళ్ళ పైకి మడిచిన గళ్ళ లుంగీతో ఉండేవారు. ఆ మనిషిని ఎవరైనా ఒక్కసారి చూస్తే మరిచిపోకపోవడానికి కారణం ఆయన చెప్పులు. టైరు చెప్పుల అడుగున వేలెడేసి మేకులు దిగ్గొట్టి, అవి వేసుకుని, కొంగలా ఒక్కొక్క అడుగే ఎత్తి వేస్తూ లానంతా తిరిగేవారు. జనం తొక్కి తొక్కి నేల గట్టిపడితే వేరుకు గాలి అందదట. ఆ మేకులు చేసిన చిల్లుల్లోంచి అందుతుందట. మంచిదే. కానీ ఆ పని చేస్తూ చేస్తూ, అటుగా వచ్చిన చుట్టాల్ని మాత్రం చెప్పులు విప్పమనేవారు. ఒకసారి అమలాపురం నుంచి వచ్చిన పెళ్ళివారి పెద్దాయన ఒళ్ళు మండి అడిగేశారు.

"మమ్మల్ని విప్పమని తమరు మేకుల చెప్పులేసుకుని తిరుగుతున్నారేంటండీ?"

"ఇయ్యి చెప్పులు కాదండి, పనిముట్టండి. తమరూ పనిచేస్తానంటే లోపల ఇంకో జత ఉందండి. తెమ్మంటారా?"

ఆ పెద్దాయన నేరుగా నా ఆఫీసుకు వచ్చారు. మా దగ్గర కోపం వచ్చిన వాళ్ళంతా నేరుగా నా ఆఫీసుకే వస్తారు. నేను కూల్‌డ్రింకు తెప్పించి, ఆయన కాస్త మొరటు మనిషండీ, మనసు మంచిదండీ అని చెప్పాను. నిజానికి ఆయన మొరటు కాదు. ఇంత మర్యాదగా మాట్లాడి ఎదుటివాళ్ళకి అంత ఒళ్ళు మండించే మనిషిని నేను మరొకర్ని చూడలేదు. ప్రతి వాక్యం చివరా అండి. ఏది చెప్పినా ముందు ఆయ్. 'కుర్చీలు ఇటు వేయించండి బాబాయిగారూ' అంటే 'ఆయ్' అనేవారు. తిరిగొచ్చి చూస్తే కుర్చీలు సిమెంటు గచ్చు మీద ఉండేవి.

వారాంతం మూడు ఫంక్షన్లు మోసిన గడ్డికి సోమవారం సెలవు కావాలని ఆయన సిద్ధాంతం. ఎవరూ తొక్కకూడదు. మిషను పెట్టకూడదు. 'పడుకుందండి' అనేవారు. విని విని నాకు విసుగెత్తి, ఆ ముక్కేదో బోర్డు మీద రాసి పెట్టండి, అందరికీ నేను చెప్పలేను అన్నాను. పాత ప్లైవుడ్ చెక్క మీద తెల్ల రంగుతో నిజంగానే రాసి పెట్టారు. 'గడ్డి పడుకుంది, లేపకండి.' దాంతో ఏమైందయ్యా అంటే, సోమవారాలు పనిమాలా జనం వచ్చి, ఆ బోర్డు పక్కన, అంటే గడ్డి నడిమధ్యన నిలబడి, సెల్ఫీలు తీసుకోవడం మొదలుపెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆయన మాత్రం మర్నాడు ఆ బోర్డును తీసుకెళ్ళి గచ్చు పక్కన పాతారు. "ఇప్పుడు ఎంతసేపు నిలబడ్డా పర్లేదండి" అన్నారు.

ఇంకో విద్య ఉండేది ఆయనకి. పొద్దున్నే మంచు తడి ఉండగా లాను చివర గొంతుక్కూర్చుని అడుగుల జాడలు చదివేవారు. "ఈ సూదిమడమ పెళ్ళికూతురి పిన్నిగారిదండి. ఇటు ఐస్‌క్రీం దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళేరండి." నా జాడ మరీ సులువు. నా ఎడం చెప్పు మడమ అరిగిపోతే రాజోలు సెంటర్లో చెప్పులు కుట్టే ఆయన చేత అర్ధచంద్రాకారంలో టైరు ముక్క వేయించాను. అది ఎక్కడ పడితే అక్కడ ముద్ర వేసేది. "రాత్రి తవరి అర్ధచంద్రం మళ్ళీ లాను మీద కనిపించిందండి" అనేవారు, దొంగను పట్టుకున్నట్టు. హడావిడిలో అడ్డంగా నడిచాను బాబాయిగారూ, ఏమైపోయింది ఇప్పుడు అంటే, "ఏం లేదండి. దానికి నొప్పంటే తెలీదండి, మనమే తెలుసుకోవాలండి" అనేవారు.

ఒక పెళ్ళిలో వరుడి కారు లాను మీదుగా వేదిక దాకా వస్తుందని, దాన్ని పైనుంచి డ్రోనుతో తీస్తారని ఏర్పాటు. ఫొటోగ్రాఫర్లూ, బ్యాండూ, అందరూ సిద్ధం. కారు గచ్చు దిగబోతుండగా ఈయన చీపురు పట్టుకుని ముందు చక్రానికి ఎదురుగా నిలబడ్డారు. మేళం ఆగిపోయింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి, కారు అద్దంలోంచి తొంగిచూస్తున్న పెళ్ళికొడుకుతో మాట్లాడుతున్నారు.

"బాబుగారండీ, తవరికి కాళ్ళున్నాయి కదండీ. దిగి నడవండి. చల్లగా ఉంటాదండి."

నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ కుర్రాడు మాత్రం ఎందుకో నవ్వి, బూట్లు విప్పేసి, పంచె కాస్త పైకెత్తుకుని, వట్టికాళ్ళతో లాను అంతా దాటి వెళ్ళాడు. ఆ ఫొటో వాళ్ళ ఆల్బంలో మొదటి పేజీలో ఉందట. తరవాత ఎన్ని జంటలు ఆ వట్టికాళ్ళ ఫొటో కావాలని అడిగి మరీ మా దగ్గర బుక్ చేసుకున్నారో చెప్పలేను. ఆ సంగతి నేను బాబాయిగారికి ఒక్కనాడూ చెప్పలేదు. చెబితే పట్టపగ్గాలుండవని.

ఇక నీళ్ళ సంగతి. అసలు కథంతా అక్కడే ఉంది.

మాకు ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. చుట్టూ గోదారి పాయలుండి కూడా, ఆ రోజుల్లో మంచినీళ్ళకి కటకటే. సముద్రం దగ్గర కనుక పోటు సమయంలో ఉప్పునీరు ఏట్లోకి ఎగదన్నుతుంది. బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పుగంజి తాగినట్టుంటాయి. అందుకని ఆయన కాలవలు కట్టేయక ముందే రిసార్టు వెనక చెరువు నిండా నీళ్ళు పెట్టుకుని, కాలవలు వదిలేదాకా దాన్ని పెళ్ళింట్లో నెయ్యి వడ్డించినట్టు పొదుపుగా వాడేవారు. మోటారు షెడ్డు పక్కన రెండు వాల్వులుండేవి. ఒకటి చెరువుది, ఒకటి బోరుది. బోరు నీళ్ళు మరుగుదొడ్లకీ, నేలలు కడగడానికీ వాడేవాళ్ళం. లాను వైపు వెళ్ళే గొట్టానికి కూడా దాన్ని ఎవరో తెలివిగలవాళ్ళు కలిపి పెట్టారు. ఆ బోరు వాల్వుకు ఆయన ఎర్ర గుడ్డ కట్టారు. దాన్ని తిప్పకూడదని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చూపించి చెప్పేవారు. నాకు రెండుసార్లు చెప్పారు.

అది మూడేళ్ళ కిందటి మే నెల. శుక్రవారం సంగీత్, శనివారం రిసెప్షను, ఆదివారం సాయంత్రం ఒక నిశ్చితార్థం. శనివారం జనం అనుకున్నదానికి రెట్టింపు వచ్చారు. ఆదివారం పొద్దున్న చూస్తే లాను బూడిదరంగులోకి తిరిగి, కుర్చీ కాళ్ళ గుంటలతో, నలిగిన చాపలా పడి ఉంది. ఏడున్నరకే నిశ్చితార్థం పెళ్ళికూతురి తల్లిగారు వచ్చేశారు. చూసి, చేతిలో సెల్‌ఫోను నాకు చూపించారు.

"ఇందులో పచ్చగా ఉందండీ?"

నేను బాబాయిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకుని, బైబిలు తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని, ఆరాధనకు బయల్దేరుతున్నారు. ఆదివారం పొద్దున్న ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"కాస్త నీళ్ళు పెట్టి వెళ్ళండి బాబాయిగారూ. సాయంత్రానికి లేచి కూర్చుంటుంది."

"లేవదండి. ఇప్పుడు తడిపి, ఆ తడి మీద మళ్ళీ జనాన్ని తొక్కిస్తే చచ్చిపోద్దండి. చెరువులో ఉన్నది నాలుగు తడులకి వస్తాదండి, అంతే. ఇవాళ్టికి గచ్చు మీద కూర్చోబెట్టండి. సోమవారం పడుకుంటే మంగళవారానికి నేను లేపుతానండి."

"పెళ్ళివారిని గచ్చు మీద కూర్చోబెడితే ఓనరుగారు మనిద్దర్నీ ఇంట్లో కూర్చోబెడతారు."

"ఆయ్" అని వెళ్ళిపోయారు.

ఆ 'ఆయ్' విని నాకు కోపం నెత్తికెక్కింది. తల్లిగారు వరండాలో ఫోనులో ఎవరితోనో మా గురించే మాట్లాడుతున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను మోటారు షెడ్డు దగ్గరికి వెళ్ళాను. చెరువు నీళ్ళు ముట్టుకుంటే ఆయన వచ్చి కొలత చూస్తారు. ఎర్ర గుడ్డ వాల్వు పట్టుకున్నాను. ఒక్కసారికి ఏమవుతుంది, నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాను. కోనసీమలో పుట్టి, ఉప్పునీళ్ళకి పొలాలు చౌడెక్కి ఎండిపోవడం కళ్ళారా చూసిన దాన్ని, నేనలా అనుకున్నాను. తిప్పాను.

తిప్పి, పావుగంటలో కట్టేద్దామని లోపలికి వెళ్ళాను. ఫోను. మళ్ళీ ఫోను. పూలవాళ్ళు, వంటవాళ్ళు, జనరేటరు. గుర్తొచ్చేసరికి పదకొండున్నర. లాను మీదుగా అడ్డంగా పరుగెత్తాను, చెప్పులతోనే, మడమలు దిగబడుతుంటే. వాల్వు కట్టేశాను. లాను పల్లపు సగం చెరువులా నిలిచిపోయి ఎండకు తళతళలాడుతోంది.

ఒంటిగంటకు ఆయన వచ్చారు. గేటు దగ్గరే ఆగిపోయారు. బైబిలు గచ్చు మీద పెట్టి, వంగి ఒక గడ్డిపరక తుంచి నోట్లో పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే గొంతుక్కూర్చున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఇప్పుడొస్తారు, ఇప్పుడొచ్చి అండీ అండీ అంటూ నా పరువు తీస్తారు అనుకున్నాను. రాలేదు. తెల్లబట్టలు విప్పి లుంగీ కట్టుకుని, ఉప్పు కడగడానికి చెరువులో ఉన్న మంచినీళ్ళన్నీ లాను మీదకి వదిలేశారు. మళ్ళీ ఎన్నాళ్ళకో వచ్చే కాలవ నీళ్ళ దాకా దాచుకున్నవన్నీ.

సాయంత్రం ఆ బురద మీదే నిశ్చితార్థం జరిగింది. శుక్రవారానికి పల్లపు సగం ఎండిన కొబ్బరిపీచు రంగుకు వచ్చింది. మిగతా సగానికి పెట్టడానికి నీళ్ళు లేవు. ఓనరుగారు హైదరాబాదు నుంచి దిగి, స్టాఫునంతా వరండాలో నిలబెట్టి, బోరు ఎవరు తిప్పారని అడిగారు. నేను చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం, అంతకంటే ఆ ముసలాయన ముందు ఒప్పుకోవాలంటే నామోషీ. ఓనరుగారు ఆయన వైపు తిరిగి మీకు తెలుసా అన్నారు.

"తెలీదండి" అన్నారు బాబాయిగారు, నేల చూస్తూ.

పదిహేను రోజుల్లో ప్లాస్టిక్ వచ్చింది. ఆయన్ని పూలకుండీలకు నీళ్ళు పొయ్యమన్నారు. నెల తిరగకుండా మానేశారు. వెళ్ళేనాడు చావకుండా మిగిలిన మూల నుంచి ఒక గంపెడు గడ్డి దుబ్బులు, ఆ ప్లైవుడ్ బోర్డు అడిగి పట్టుకెళ్ళారు. "వస్తానండి మేడంగారు" అని నా ముందు కాసేపు నిలబడ్డారు. ఇంకేదో వినడానికి నిలబడ్డట్టు. నేను ఫోనులో ఉన్నాను.

కబురు వచ్చిన మర్నాడు, శనివారం, పెళ్ళి పనులు సూపర్వైజరు నెత్తిన పడేసి బాబాయిగారి ఊరు వెళ్ళాను. ఇంటి ముందు షామియానా వేశారు. దాని కింద రెండు మంచాలు పట్టేటంత మేర దట్టంగా పచ్చటి గడ్డి. మా గడ్డే. అంచున ఆ బోర్డు. ఇసకేస్తే రాలనంత జనం వచ్చారు, కుర్చీలన్నీ ఆ గడ్డి చుట్టూ వేసి ఉన్నాయి, ఒక్కళ్ళు దాని మీద కాలు పెట్టలేదు. తొమ్మిదేళ్ళు పెళ్ళివారి చేత నేను చేయించలేకపోయిన పని అది. నేనూ అంచున చెప్పులు విప్పేసి వెళ్ళాను.

సమాధి అయి వచ్చాక ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. విప్పిన నా చెప్పుల వైపు చూశారు.

"చెప్పులు మార్చేరాండీ? అర్ధచంద్రం లేదండి."

మీకెలా తెలుసు పిన్నిగారూ అన్నాను.

"ఆ ఆదివారం ఇంటికొచ్చి అన్నం తినలేదండి. ఏంటని అడిగితే, మేడంగారి అర్ధచంద్రం వాల్వు దాకా వెళ్ళొచ్చిందే, అన్నారండి."

"మరి ఓనరుగారు అడిగితే తెలీదన్నారు కదండీ?"

"నేనూ దెబ్బలాడేనండి. చెప్పెయ్యొచ్చు కదా అని. ఆవిడే చెప్తారులే, అన్నారండి. నెల్లాళ్ళు చూసేరండి." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "కాఫీ తాగుతారాండీ?" అన్నారు.

దారి పొడుగునా నాకు ఆయన మీద ఒళ్ళు మంటే. ఏం మనిషండీ? పెళ్ళికొడుకుల్ని అన్నారు, పెద్దమనుషుల్ని అన్నారు, మడమ దిగబడిన ప్రతి పిన్నిగారినీ అన్నారు. అనాల్సిన నన్ను ఒక్క మాట అనలేదు. అనేసి ఉంటే నేనూ నాలుగు అని, ఏడ్చి, ఒప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎవరితో దెబ్బలాడను? తప్పు నాది, కోపం ఆయన మీద. అంతా తెలిసి కూడా కోపం తగ్గలేదు.

ఆదివారం ఓనరుగారు వచ్చారు. ఆయన గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పాను. ఆ రోజు బోరు తిప్పింది నేనేనండి, మరిచిపోయి వదిలేసిందీ నేనేనండి అని. ఆయన ఫోను లోంచి తలెత్తి చూశారు.

"అవునా? ఆ మాలీయే నీళ్ళు వదిలేసి చర్చికి వెళ్ళిపోయాడనుకున్నానండి నేను. తెలీదు, తెలీదు అంటుంటే ఇంకెవరనుకుంటాం? అందుకే కదా కుండీలకి వేసింది." మళ్ళీ ఫోనులోకి చూస్తూ, "సరే, అయిపోయిన సంగతి. సాయంత్రం ఫంక్షనుకి లాను తడిపించారా?" అన్నారు.

బయటికి వచ్చాను. అప్పటికే తడుపుతున్నారు. ప్లాస్టిక్ గడ్డి మీద నీళ్ళు పడి, ఆవిర్లు లేస్తున్నాయి. ఆ పైపు పట్టుకున్నతన్ని అవి ఏ నీళ్ళని అడిగాను.

"బోరువేనండి" అన్నాడు అతను. "దీనికేమవుద్దండి?"